మారా నది ఒడ్డున మా అమ్మ తద్దినం

తూర్పు ఆఫ్రికా వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నించి, న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో కందిపప్పు కొనడానికి వెళ్ళినా, ఎవరింటికైనా ఆదివారం భోజనానికి వెళ్ళినా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "సింహాన్ని చూశారా అంకుల్?" చూశాం. ఒకటి కాదు, ఒక కుటుంబాన్నే చూశాం. ఎండకు వెల్లకిలా పడుకుని, మా బండి వైపు ఒక కన్ను మాత్రం తెరిచి, మళ్ళీ మూసుకున్నాయి. సింహాల గురించి నేను చెప్పగలిగింది అంతే. అంతకంటే చెప్పుకోవలసినవి వేరే ఉన్నాయి కనుక డైరీ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

బయలుదేరే ముందు

న్యూజెర్సీలో ఒక కౌంటీ రోడ్ల శాఖలో ఇంజనీరుగా పనిచేసి నేను నిరుడు రిటైరయ్యాను. మా అమ్మాయి పద్మజ పిల్లల డాక్టరు. అల్లుడు రఘు కంప్యూటర్ల కంపెనీలో ఉన్నాడు. వాళ్ళ కూతురు నీలిమకు పదకొండేళ్ళు. ఓ రోజు పద్మజ వచ్చి, "నాన్నా, బతుకంతా రోడ్లు వేశావు. ఒక్కసారి రోడ్డు లేని చోటికి పోదాం, అమ్మని కూడా తీసుకుని రా" అంది. అమ్మ అంటే మా ఆవిడ సుభద్ర. ఆవిడ వెంటనే సరే అంది. నేనే వారం రోజులు ఏమీ తేల్చలేదు.

నాకు అడ్డం వచ్చింది ఒక్కటే. మా అమ్మ తద్దినం. శ్రావణ బహుళ షష్ఠి. అమ్మ పోయినప్పటి నుంచి ఏ ఏడూ తప్పలేదు. న్యూజెర్సీలో పురోహితుడన్నవాడు దొరకని రోజుల్లోనూ, నాన్న దగ్గర విని నేర్చుకున్న మంత్రాలతో, గరాజ్‌లో చాప వేసుకుని పెట్టాను. పెరట్లో కాకి కోసం అన్నం ముద్ద పట్టుకుని నిలబడితే పక్కింటాయన కంచె మీదుగా "ఈ రోజు ఎవరి పుట్టినరోజు?" అని అడిగేవాడు. నేను వివరించబోయి మానేసేవాణ్ణి.

ఇప్పుడు పద్మజ హాస్పిటల్ సెలవూ, రఘు ఆఫీసు సెలవూ, నీలిమ స్కూలు సెలవులూ కలిసిన రోజుల్లోనే ఆ షష్ఠి పడింది. పంచాంగం ముందేసుకుని లెక్క కట్టాను. గురువారమని తేలింది. ప్రయాణం కాగితాల్లో చిన్న మార్పు చేయించాను. ముందు అంబోసెలి జంతువుల పార్కు చూసి, గురువారానికి నైరోబీ తిరిగి వచ్చి, శుక్రవారం మసాయ్ మారా అనే రెండో పార్కుకు వెళ్ళాలి. నైరోబీలో గుజరాతీల గుడి ఒకటుందని తెలిసి అక్కడి పురోహితుడికి ఉత్తరం రాశాను. రమ్మని జవాబు వచ్చింది. పద్మజ ఆ ఉత్తరం చూసి, "నాన్న సఫారీలో కూడా సైట్ ఇన్‌స్పెక్షన్ షెడ్యూల్ వేశాడు" అని నవ్వింది.

అంబోసెలి

నైరోబీలో మమ్మల్ని ఎక్కించుకున్న డ్రైవరు పేరు మ్వాంగి. నలభై ఐదేళ్ళుంటాయి. పైకప్పు లేచే తెల్ల వ్యాను. మొదటి రోజే ఆయన మాకు ఒకే ఒక నియమం చెప్పాడు: పార్కులో దిగమన్నప్పుడే దిగాలి, దిగవద్దన్నచోట కాలు కూడా బయట పెట్టకూడదు.

అంబోసెలి అంతా బూడిదరంగు ధూళి. మధ్యాహ్నానికి మా అయిదుగురి కనుబొమలూ నెరిసిపోయాయి. "ఇప్పుడు అందరం మీ ఈడువాళ్ళం అయ్యాం మావయ్యగారూ" అన్నాడు రఘు. కిలిమంజారో రోజంతా మబ్బు వెనకాలే ఉండి, తెల్లవారుజామున మాత్రం కాసేపు కనిపించింది. దాని కింద ఏనుగుల మంద ఒకటి దారి దాటుతోంది. మ్వాంగి ఇంజన్ ఆపేశాడు. అన్నీ దాటాక ఒక పెద్ద ఏనుగు దారి మధ్యలో నిలబడిపోయింది. వెనకపడ్డ చిన్న గున్న పరిగెత్తుకు వచ్చేదాకా అక్కడే నిలబడి, అది వచ్చాక తొండంతో దాని వీపు మీద ఒక్కటి తట్టి ముందుకు తోసింది. "లేట్‌గా వస్తే నన్నూ నువ్వు ఇలాగే కొడతావు అమ్మమ్మా" అని నీలిమ సుభద్ర చెయ్యి పట్టుకుంది.

తిండి దగ్గర మాకు కాస్త ఇబ్బంది అయింది. లాడ్జిలో వడ్డించే కుర్రాడికి మేము మాంసం తినమంటే అర్థమైంది గాని, నమ్మకం కలగలేదు. మొదట చేప తెచ్చాడు. తరువాత గుడ్లు తెచ్చాడు. చివరికి వంటగదిలో తాము తినడానికి వండుకున్నది గిన్నెల్లో పెట్టి తెచ్చాడు. ఒకటి ఉగాలి, మొక్కజొన్న పిండి ఉడికించి గట్టిగా కలిపిన ముద్ద. రెండోది సన్నగా తరిగి వేయించిన ఆకుకూర. సుభద్ర ఉగాలి చేత్తో విరిచి, కూరలో అద్ది తిని, "ఇది మన జొన్న సంకటికి పినతల్లి కొడుకు" అంది. మా ఊళ్ళో జొన్న సంకటిని పేదవాడి తిండి అని దాచుకుని తినేవాళ్ళు. ఇక్కడ లాడ్జి పనివాళ్ళు ఆ ముద్దను నవ్వుతూ మా ముందు పెట్టారు. బల్ల మీద టూరిస్టుల కోసం పెట్టిన జున్ను ముక్కల కంటే అదే బాగుంది.

ఒక ప్రమాదం కూడా జరిగింది. సుభద్ర సంచిలో గోంగూర పచ్చడి సీసా మూత వదులై, నూనె రఘు తెల్ల చొక్కాల మీదికి దిగింది. మిగిలిన ప్రయాణమంతా అతను ఎర్రమచ్చల చొక్కాలోనే తిరిగాడు. అక్కడి మసాయ్ తెగవాళ్ళ ఎర్ర దుప్పట్ల మధ్య అదేమీ ఎబ్బెట్టుగా కనిపించలేదు.

నైరోబీలో తేలిన తప్పు

గురువారం పొద్దున్నే స్నానం చేసి, పంచె కట్టుకుని, ఏమీ తినకుండా గుడికి వెళ్ళాం. పండిట్‌జీ డెబ్బై దాటిన మనిషి. ఆయన తాతగారి కాలంలో రైలు పట్టాలు వేయడానికి వచ్చిన గుజరాతీలతో పాటు కుటుంబం ఇక్కడికి వచ్చిందట. పీట వేసి, దర్భలు తీసి, నన్ను తిథి అడిగాడు. చెప్పాను. తన పంచాంగం తిరగేసి, కళ్ళజోడు పైకి నెట్టి, "షష్ఠి రేపు కదా" అన్నాడు హిందీలో.

కాదన్నాను. ఆయన పుస్తకం నా వైపు తిప్పాడు. చూస్తూ ఉండగానే నాకు నా తప్పు తెలిసింది.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఏళ్ళ తరబడి నా చేతికి ఒక అలవాటు పట్టింది. మన పంచాంగంలో వేళ చూడటం, వేసవి అయితే తొమ్మిదిన్నర గంటలు తీసెయ్యడం. షష్ఠి ఇండియాలో గురువారం రాత్రి మొదలవుతుంది. తొమ్మిదిన్నర గంటలు తీసేస్తే న్యూజెర్సీలో అది గురువారం ఉదయమే. మధ్యాహ్నం తద్దినం పెట్టుకోవచ్చు. కాని నేను తద్దినం పెట్టబోయేది న్యూజెర్సీలో కాదు. నైరోబీకి, ఇండియాకు తేడా రెండున్నర గంటలే. ఇక్కడ షష్ఠి గురువారం సాయంత్రానికి గాని రాదు. తద్దినం శుక్రవారం మధ్యాహ్నం పెట్టాలి. శుక్రవారం మేము మసాయ్ మారా దారిలో ఉంటాం.

హోటల్ గదికి వచ్చి నేను ఒక్కణ్ణే నైరోబీలో ఉండిపోతానన్నాను.

"నాన్నా, ప్లీజ్. నీ ఒక్కడి కోసం వ్యాను మళ్ళీ వెనక్కి రాదు. నువ్వు ఇక్కడ ఉండిపోతే మారా మిస్సయినట్టే. లాడ్జి మార్చమంటే అంతా ఫుల్ అన్నారు" అంది పద్మజ.

"మిస్సయితే మిస్సయింది. సింహాలు నా కోసం ఎదురు చూడటం లేదు."

"మీ అమ్మ చూస్తోందా?" అంది. అని, వెంటనే నాలిక కరుచుకుంది.

అప్పటిదాకా చీరలు మడతపెడుతున్న సుభద్ర, "చూస్తుందే" అంది కూతురితో. తరువాత నా వైపు తిరిగింది. "ఏమండీ, పండిట్‌జీ ఏమన్నారు? తిథి రేపు సాయంత్రం దాకా ఉంది, పొద్దు వాలేలోగా పెట్టమన్నారు. ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. నువ్వులు, దర్భలు చేతికిచ్చి పంపారు. గరాజ్‌లో పెట్టినవాళ్ళకి గడ్డి మైదానంలో పెట్టడానికి ఏమొచ్చింది? లాడ్జికి రెండింటికల్లా చేరతామని మ్వాంగి అన్నాడు. అక్కడ పెడదాం. వంట సంగతి నాకు వదిలెయ్యండి."

నేను ఒప్పుకున్నాను. పూర్తిగా ధైర్యం కలిగి మాత్రం కాదు.

నారోక్

శుక్రవారం రిఫ్ట్ అనే పెద్ద లోయ అంచున రోడ్డు దిగుతుంటే నా పాత వృత్తి నిద్రలేచింది. ఆ కొండ వాలుకి గోడ కట్టిన తీరు చూసి రెండు మూడు మాటలన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. పొద్దున్నే బయలుదేరిన వాళ్ళం పదిన్నరకు నారోక్ అనే చిన్న ఊరికి చేరాం. మారాకు వెళ్ళే బళ్ళన్నీ పెట్రోలు పోయించుకునేది ఇక్కడే. ఒక సందులో కిరాణా దుకాణం, లోపల గల్లాపెట్టె దగ్గర చీర కట్టుకున్న పెద్దావిడ. పేరు హంసాబెన్ అని తరువాత తెలిసింది.

సుభద్రకు గుజరాతీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. వచ్చీరాని హిందీలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని, కాసేపటికి సుభద్ర దుకాణం వెనక ఉన్న వంటింట్లో తడి చీరతో నిలబడి అన్నం వండుతోంది. అరటికాయలు బయట సంతలో కుప్పలు పోసి ఉన్నాయి. న్యూజెర్సీలో ఒక్క పచ్చి అరటికాయకు మేము పెట్టే ధరకు ఇక్కడ సగం గెల వచ్చింది. అరటికాయ కూర, పెసరపప్పు, పరమాన్నం. ఉల్లి, వెల్లుల్లి లేకుండా. హంసాబెన్ తన ఇంటి నెయ్యి గిన్నెతో సహా ఇచ్చింది. పెరట్లో ఉన్న అరటి చెట్టు నుంచి ఆకులు కోయించింది.

"ఇక్కడే పెట్టుకోండి భాయీ. మా ఇల్లు మీ ఇల్లే" అంది నాతో.

పరాయి ఇంట్లో పితృకార్యం చెయ్యకూడదు, ఆ ఇంటికి మంచిది కాదు. పైగా అప్పటికి పదకొండున్నరే. మధ్యాహ్నం దాటితే గాని వేళ కాదు. అదే చెప్పాను. ఆవిడ తల ఊపి, గిన్నెలన్నీ గుడ్డలో మూటకట్టి, "తిరిగి వచ్చేటప్పుడు గిన్నెలివ్వండి, లేకపోతే లేదు" అంది. డబ్బు తీసుకోలేదు. పద్మజ బలవంతం చేస్తే నీలిమకు ఒక చాక్లెట్ ఇచ్చి మా లెక్క తీర్చేసింది.

రేగడి

నారోక్ దాటాక తారు రోడ్డు అయిపోయింది. ముందురోజు అక్కడ వాన పడిందట. నేల నల్లగా నిగనిగలాడుతోంది. కిటికీలోంచి చూసి, "ఇది మన నల్లరేగడి. నేను పుట్టింది ఇలాంటి నేల మీదే. తడిసిందంటే ఏనుగుని కూడా పట్టి ఉంచుతుంది" అని అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. నా ఉపన్యాసం ముగియకముందే వ్యాను వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి.

"మావయ్యగారి నోటి మహత్యం" అన్నాడు రఘు.

మ్వాంగి దిగి నాలుగు దిక్కులూ చూసి, మగవాళ్ళు దిగవచ్చన్నాడు. నేను పంచె పైకి కట్టి, ముళ్ళకంప, రాళ్ళు చక్రాల కింద ఎలా పేర్చాలో చెప్పాను. మ్వాంగి విని, తను వేరే రకంగా పేర్చాడు. రెండు రకాలూ పనిచెయ్యలేదు. చివరికి అటు వచ్చిన లారీ ఒకటి తాడు కట్టి లాగింది. లారీ నిండా ఉన్న మేకలు మమ్మల్ని జాలిగా చూశాయి. గట్టెక్కేసరికి మూడున్నర దాటింది.

పొద్దుటి నుంచి నేను నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నాకు చక్కెర జబ్బుంది. పద్మజ నా చేతివేళ్ళ వైపే చూస్తోంది.

"నాన్నా, చేతులు వణుకుతున్నాయి. కొంచెం జ్యూస్ తాగు."

"అయ్యాక తాగుతాను."

"షుగర్ డౌన్ అయితే ఇక్కడ నేనేం చెయ్యను? హాస్పిటల్ ఉందా ఏమన్నా?"

సుభద్ర ముందు సీటు మీదికి వంగి మ్వాంగిని ఇంగ్లీషులో అడిగింది. "లాడ్జి ఎంతసేపు?" ఈ బురదలో ఇంకా రెండు గంటలన్నాడు. అప్పటికి తిథి దాటిపోతుంది. "దగ్గరలో దిగనిచ్చే చోటు ఏదైనా ఉందా?" ఎందుకని అడిగాడు. ఈయన తల్లి కోసం అని చెప్పింది. చచ్చిపోయిందా అని అడిగాడు. పోయి పదిహేడేళ్ళయింది, ఏటా ఈ రోజు ఆమెకు అన్నం పెడతాడు అని చెప్పింది. మ్వాంగి అద్దంలోంచి నన్ను చూశాడు. "మా ముసలివాళ్ళు బీరు తాగే ముందు పోయినవాళ్ళకి నేల మీద కొంచెం పోస్తారు. మా అమ్మ చర్చికి వెళుతుంది, అయినా పోస్తుంది" అని, తరువాతి మలుపులో వ్యానుని పక్కకు తిప్పాడు.

నది ఒడ్డు

మారా నదిలో నీటి గుర్రాలు ఉండే మడుగు అది. టూరిస్టులు దిగి నడిచేందుకు వీలుగా తుపాకీ పట్టుకున్న రేంజరు ఒకాయన అక్కడ కాపలా ఉంటాడు. పొడుగాటి మసాయ్ మనిషి, ఆకుపచ్చ స్వెట్టరు. మేము గిన్నెల మూట దింపడం చూసి, "జంతువులకు తిండి పెట్టకూడదు" అన్నాడు ఖచ్చితంగా. మ్వాంగి ఆయనతో స్వాహిలీలో చాలాసేపు మాట్లాడాడు. రేంజరు నన్ను, నా పంచెని, చేతిలో దర్భల కట్టని చూశాడు.

"తల్లికా?"

"అవును."

"ఒక్క ముద్ద. నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. మొసళ్ళున్నాయి. త్వరగా."

నది దగ్గరున్నా నదిలోకి దిగలేను. డబ్బాలో తెచ్చిన నీళ్ళతోనే కాళ్ళు కడుక్కుని, ఒక చెట్టు కింద దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాను. భోక్తలుగా బ్రాహ్మణులు లేరు. మ్వాంగిని, రేంజరుని భోజనానికి ఉండమని అడిగాను. సరేనన్నారు. అమ్మ పేరు, ఆమె అత్తగారి పేరు, ఆ పై ఆవిడ పేరు చెప్పి నువ్వులు, నీళ్ళు వదిలాను. మధ్యలో మడుగులోంచి నీటి గుర్రం ఒకటి పెద్దగా గురక పెట్టింది. మంత్రం మరిచిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పిండాలు పెట్టాను. రేంజరు వాటిని తనే తీసుకెళ్ళి నీళ్ళలో వదిలాడు. ఆయన అనుమతించిన ఒక్క ముద్దను అరటి ఆకు మీద పెట్టి, కొంచెం దూరంలో ఉన్న బండ మీద ఉంచి వెనక్కి వచ్చాను.

ఇక కాకి రావాలి. అది ముట్టుకుంటే గాని మేము తినకూడదు. అమ్మకు తృప్తి కలిగిందనడానికి మాకు అదే గుర్తు.

కాకి రాలేదు. నీలం, నారింజ రంగుల చిన్న పిట్టలు వచ్చి, చూసి, వెళ్ళిపోయాయి. దూరాన ఎండిన చెట్టు మీద రాబందులు కదలకుండా కూర్చున్నాయి.

"తాతా, కాకే ఎందుకు రావాలి? ఆఫ్రికాలో ఆఫ్రికా పిట్ట రావచ్చు కదా?" అంది నీలిమ.

"ష్, నీలూ" అంది పద్మజ. ఆమె చేతిలో నారింజ రసం డబ్బా మూత తీసి సిద్ధంగా ఉంది. నా మొహం బాగా పాలిపోయి ఉండి ఉంటుంది, ఎందుకంటే రఘు వచ్చి నా వెనక నిలబడ్డాడు, పడితే పట్టుకుందామని. పొద్దు చెట్ల మీదికి దిగుతోంది. అమ్మా, తప్పు నాది, లెక్క తప్పింది, ఇంత దూరం తీసుకొచ్చి నిన్ను ఆకలితో పంపిస్తున్నాను అని లోపల అనుకుంటున్నాను.

అప్పుడు పొదల్లోంచి బబూన్ ఒకటి వచ్చింది. కుక్క మూతి ఉండే పెద్ద కోతి. ఆడది. పొట్టకు కరుచుకుని పిల్ల. మా ఎవరినీ లెక్కచెయ్యకుండా నాలుగు కాళ్ళ మీద తిన్నగా బండ దగ్గరికి నడిచి, ఆకు మీద ముద్ద చేతిలోకి తీసుకుంది.

"హుష్!" అంటూ నేను లేవబోయాను. రేంజరు చెయ్యి అడ్డం పెట్టాడు. "కదలొద్దు. పిల్లతో ఉంది."

అది పారిపోలేదు. బండ మీదే కూర్చుంది. ముద్ద విరిచి, ఒక్కో మెతుకూ చూసుకుంటూ, నిదానంగా తిన్నది. పిల్ల చెయ్యి చాపితే దానికి అందకుండా పక్కకు జరిపి, తనే తిన్నది. చివర్లో వేళ్ళు కూడా నాకింది.

అంతా చెడిపోయిందనే అనుకున్నాను. వెనక నుంచి సుభద్ర గొంతు వినిపించింది. నవ్వుతోందో, ఏడుస్తోందో తెలియని గొంతు.

"ఏమండీ, చూశారా? మా అత్తగారు తొమ్మిది మందికి వడ్డించి, గిన్నెలో అడుగంటింది తిన్న మనిషి. నేను కాపురానికి వచ్చాక ఒక్కనాడు కూడా ముందు కూర్చుని తినడం చూడలేదు. ఇవాళ ఎవరినీ అడక్కుండా, పిల్లకి కూడా పెట్టకుండా, అందరికంటే ముందు తిన్నది. ఇంకేం కావాలండీ మీకు?"

బబూన్ ఆకు కూడా వాసన చూసి, పిల్లను సర్దుకుని, వచ్చిన పొదల్లోకే వెళ్ళిపోయింది. నేను నేల మీద తల ఆనించి దండం పెట్టాను. లేచేసరికి పద్మజ రసం డబ్బా నా నోటికి అందించింది. తాగాను.

మ్వాంగికి, రేంజరుకి వ్యాను పక్కన ఆకులు వేసి ముందు వడ్డించాం. రేంజరు అరటికాయ కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. పరమాన్నం మాత్రం మరీ తీపి అన్నాడు. వాళ్ళు తిన్నాక సుభద్ర గరిటె పట్టుకుని మా ఆకులు పరిచింది. రఘు, పద్మజ, నీలిమ కూర్చున్నారు. నాకు వెయ్యడానికి వంగిన సుభద్ర చేతిలోంచి గరిటె తీసుకుని, ఆవిడను వ్యాను మెట్టు మీద కూర్చోబెట్టి, ఆకు ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"ఇదేమిటండీ, కర్త కదా, ముందు మీరు తినాలి. అసలే షుగరు."

"రసం తాగాను. నువ్వు తిను."

అన్నం పెట్టి, పప్పు వేసి, హంసాబెన్ ఇచ్చిన నెయ్యి ఉన్నదంతా వంచాను. చాలు చాలు అంటూనే కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మడుగు వైపు చూస్తూ, "కూరలో ఉప్పు తక్కువైంది. ఒక్కరూ చెప్పలేదు చూడండి" అంది.